చాక్‌పీసు పట్టిన చేతికి మౌసు నేర్పేదెవరు?

ఫిల్మ్‌నగర్ అనగానే మనకేం గుర్తొస్తుంది? రామానాయుడు స్టూడియో గేటు, ఫిలిం ఛాంబర్ భవనం, దైవసన్నిధానం గుళ్లు... కారు అద్దం దించితే ఎవరో ఒక హీరోయిన్ కనిపించకపోతుందా అన్న ఆశ. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడటం అయ్యాక "ఒక్కసారి జూబ్లీహిల్స్ వైపు తిప్పు బాబాయ్" అని అడగని పిల్లలు తక్కువే.

అయితే ఈ గుట్టల మీద మరో రకం షూటింగ్ కూడా జరుగుతుంది. దాని గురించి సినిమా పేజీల్లో ఎవరూ రాయరు. అందులో హీరోయిన్ ఓ సైన్సు టీచరు. మేకప్ సంగతి దేవుడెరుగు, డైలాగులు కూడా ఆవిడే రాసుకోవాలి. ఎదురుగా పిల్లలుండరు, కెమెరా కన్ను ఒక్కటే ఉంటుంది. అల్లరి లేదు, "టీచర్, అర్థం కాలేదు" అనే గొంతూ లేదు. జూబ్లీహిల్స్ ప్రశాసన్ నగర్‌లో ఉన్న టీ-శాట్ సంగతి ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' పేరుతో మొదలైన ఈ సంస్థ 2017లో టీ-శాట్‌గా మారింది. విద్య, నిపుణ అని రెండు చానళ్లు.

కరోనా కాలంలో బళ్లు మూతపడ్డాక 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకి డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లే తరగతి గదులయ్యాయి. స్టూడియోలో పాఠం చెప్పింది కొద్దిమంది టీచర్లే. మిగిలిన వేలమంది పనేమిటి? పిల్లలు టీవీ చూశారో లేదో ఫోన్లు చేసి కనుక్కోవడం, వాట్సాప్‌లో హోంవర్కు పంపడం, వచ్చిన ఫొటోలు దిద్దడం, ఇంట్లో వంటగది గోడకి చార్టు అంటించి తామే ఓ వీడియో తీసి పంపడం. ఇదంతా వాళ్లకి ఎవరు నేర్పారంటారా? చాలామందికి ఇంట్లో టెన్త్ చదివే కొడుకో, ఇంజినీరింగ్ కూతురో!

పాపం, పిల్లలు కూడా ఎంతకని చెబుతారు? "అమ్మా, నిన్ననే చెప్పాను కదా" అని విసుక్కుంటే, మర్నాడు అదే టీచరమ్మ నలభై మంది పిల్లల ముందు ఏ ధైర్యంతో కంప్యూటర్ ఆన్ చేస్తుంది?

అల్మారాలో చీర, కంప్యూటర్‌లో ఫైలు

బీఎడ్‌లో కంప్యూటర్ చెప్పరా అంటే, చెబుతారు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో బీఎడ్‌ని రెండేళ్లు చేసినప్పుడు సమాచార, ప్రసార సాంకేతికత మీద ప్రత్యేకంగా ఓ పేపరే పెట్టింది. దాని పేరులోనే 'విమర్శనాత్మక అవగాహన' అని ఉంది. అంటే బటన్ నొక్కడం రావాలి. ఆ బటన్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకుండా చాక్‌పీసుతోనే సరిపెట్టుకోవాలో కూడా తెలియాలి. మంచి ఆలోచన. వచ్చిన చిక్కల్లా ఆ పేపరు 'రికార్డు' కావడంలోనే ఉంది. తెల్లకాగితాల మీద కంప్యూటర్ బొమ్మ వేసి, మానిటర్, కీబోర్డు, సి.పి.యు. అని బాణం గుర్తులు పెట్టి, నీలం అట్ట వేసి సంతకం చేయించుకున్న రికార్డులు మన ఇళ్లల్లో అటకల మీద ఎన్ని లేవు? చపాతీ గుండ్రంగా ఎలా చెయ్యాలో నోట్సు రాసుకుంటే చపాతీ వస్తుందా?

ల్యాబ్‌లోకి తీసుకెళ్లినా ఓ తమాషా జరుగుతుంది. ఒక్కో కంప్యూటర్ దగ్గర నలుగురిని కూచోబెడతారు. మౌసు ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఎవరికి ముందే వచ్చో వాళ్ల చేతిలో. రానివాళ్లు వెనక కుర్చీలో కూచుని తలూపుతారు. నెల తిరిగేసరికి వచ్చినవాళ్లకి ఇంకా బాగా వస్తుంది, రానివాళ్లకి రాకుండానే ఉండిపోతుంది. ఇది మన దగ్గరే కాదు, ఏ ఊళ్లో ల్యాబ్ చూసినా ఇంతే. ఒక్క వంటింటి గడియారం తెచ్చి పది నిమిషాలకోసారి మౌసు చేతులు మార్చమంటే సగం జబ్బు కుదురుతుంది. దానికి జీవో అక్కర్లేదు కదా!

కంప్యూటర్ రానివాళ్లు ఎక్కడ తడబడతారో నేర్పేవాళ్లకి ఒక్కోసారి అంతుపట్టదు. ఈ మాటలు ఏ బీఎడ్ కాలేజీలోనైనా వినిపిస్తాయి.

"మేడమ్, ఫైలు సేవ్ చేశానండీ... కనిపించట్లేదు."

"ఎక్కడ సేవ్ చేశావమ్మా?"

"సేవ్ అని నొక్కానండీ. అది ఎక్కడికో వెళ్లిపోయింది."

నవ్వకండి. ఆ అమ్మాయి నిజంగా అయోమయంలో ఉంది. సేవ్ చెయ్యడమంటే ఓ చోట దాచడమని, దానికి పేరుండాలని, అర ఏదో గుర్తుండాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. బీరువాలో పట్టుచీర ఏ అరలో పెట్టామో గుర్తుంచుకునే మనకి ఫోల్డర్ కొత్తదేం కాదు. 'పెళ్లి చీరలు' అనే అరలో 'అక్క పెళ్లి' అనే మూట ఉన్నట్టే 'ఎనిమిదో తరగతి' అనే ఫోల్డర్లో 'త్రైమాసిక ప్రశ్నపత్రం' ఉంటుంది. దానికి తారీఖు కూడా తగిలిస్తే వెతుక్కునే పనుండదు. రేపు ఆ అమ్మాయి తన క్లాసులో పిల్లలకి ఇదే పోలికతో చెబుతుంది. టీచరుకి కంప్యూటర్ నేర్పడానికీ, బ్యాంకు గుమస్తాకి నేర్పడానికీ తేడా ఇక్కడే. గుమస్తాకి పని వస్తే చాలు. టీచరుకి పని రావాలి, దాన్ని మరొకరికి ఎలా చెప్పాలో కూడా రావాలి.

మిశ్రా, కోహ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఇదే మాట శాస్త్రీయంగా చెప్పారు. పాఠం తెలియడం, పాఠం చెప్పడం తెలియడం, యంత్రం తెలియడం... ఈ మూడూ విడివిడిగా ఉంటే ప్రయోజనం లేదు, కలిసిన చోటే టీచరు పనితనం ఉందన్నారు. భిన్నాలు చెప్పడానికి రొట్టెని నాలుగు ముక్కలు చేసి చూపిస్తే చాలు, ప్రొజెక్టర్ ఎందుకు? అదే గుండె కవాటాలు ఎలా మూసుకుంటాయో చెప్పాలంటే బొమ్మ కదలాలి, అక్కడ వీడియో కావాలి. ఈ విచక్షణ రికార్డు రాస్తే రాదు.

ఎడిటింగ్ గదిలో గురుకులం

ఈ విషయంలో ఫిల్మ్‌నగర్ మనకి పనికొచ్చే పాఠం చెబుతుంది. ఒకప్పుడు సినిమా ఎడిటింగంటే మూవియోలా మీద ఫిల్ము తిప్పుతూ, కత్తిరిస్తూ, అతికిస్తూ చేసే చేతిపని. 1990 దశకం చివరికొచ్చేసరికి ఆ పని కంప్యూటర్ మీదికి మారిపోయింది. ఇరవై ఏళ్లు కత్తెర పట్టిన చేతులు మౌసు పట్టాల్సొచ్చింది. ఎడిటింగ్ గదుల్లో ఈ పని పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లకంటే పక్కన కూచుని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. అసిస్టెంటు నెలల తరబడి చూస్తాడు, ఫైళ్లకి పేర్లు పెడతాడు, రాత్రి అందరూ వెళ్లాక తనే ఒక సీను అతికి చూసుకుంటాడు, పొద్దున్నే ఎడిటర్ చూసి "ఇక్కడ రెండు ఫ్రేములు తియ్" అంటాడు. అమ్మ పక్కన నిలబడి పోపు ఎప్పుడు వెయ్యాలో నేర్చుకున్నట్టే ఇది కూడా. 1995లో 'అమ్మోరు' సినిమాతో గ్రాఫిక్స్ అనే మాట మన ఇళ్లల్లోకి వచ్చింది. 2015లో 'బాహుబలి' వచ్చేనాటికి హైదరాబాద్‌లో కూచునే అంత పెద్ద పని చేసేవాళ్లు తయారయ్యారు. ఆ ఇరవై ఏళ్లలో జరిగిన చదువులో ఎక్కువ పాలు ఇలాంటి గదుల్లోనే జరిగింది. (ఆ గదుల్లో ఆడపిల్లలకి చోటెంత దొరికిందన్నది వేరే కథ!)

మరి బీఎడ్‌లో ఇలా ఎందుకు జరగదు? నిజానికి జరిగే ఏర్పాటు మొదట్లోనే ఉండేది. మన బీఎడ్ కాలేజీల్లో అందరికీ తెలిసిన 'మైక్రో టీచింగ్' 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఐదారు నిమిషాల చిన్న పాఠం చెప్పించి, వీడియో తీసి, ఆ వీడియోని ఆ కొత్త టీచరుకే చూపించేవాళ్లు. తన తప్పు తనే చూసుకుని మళ్లీ చెప్పాలి. అదీ అసలు పద్ధతి. మన దగ్గరికొచ్చేసరికి కెమెరాకి డబ్బుల్లేక ఆ ఒక్క ముక్క జారిపోయింది. స్నేహితురాలు పక్కన కూచుని కాగితం మీద టిక్కులు పెట్టడమే మిగిలింది. ఇప్పుడు చాలామంది అమ్మాయిల హ్యాండ్‌బ్యాగులో ఫోనుంది. దాన్ని నాలుగు పుస్తకాల మీద నిలబెట్టి ఐదు నిమిషాలు రికార్డు చేసుకుంటే స్టాన్‌ఫర్డ్ ఇక్కడే! వెలుతురు ముఖమ్మీద పడేలా కిటికీకి ఎదురుగా నిలబడాలి. ఫ్యాను ఆపాలి, లేకపోతే మాటకి బదులు గాలి హోరు వినిపిస్తుంది. ఒక్క సంగతే చెప్పాలి. మొదటిసారి చూసుకున్నప్పుడు "అయ్యో, నా గొంతు ఇలా ఉంటుందా!" అనిపిస్తుంది. అందరికీ అంతే. రెండోసారికి గొంతు సంగతి మర్చిపోయి పాఠం చూస్తారు.

రేడియో నుంచి రోడ్డు నంబరు 46 దాకా

దూరం నుంచి పాఠం చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. జూబ్లీహిల్స్ రోడ్డు నంబరు 46లో, దుర్గం చెరువు వైపు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో ఇదే మొదటిది. తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి ఆ తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో అంబేద్కర్ శతజయంతి సందర్భంగా ఇప్పటి పేరు పెట్టారు. టెన్త్‌తోనో, ఇంటర్‌తోనో పెళ్లయిపోయి, పిల్లలు బడికెళ్లాక మళ్లీ పుస్తకం పట్టిన ఎందరో ఆడవాళ్లకి ఈ యూనివర్సిటీ పేరు చెబితే ముఖం వెలుగుతుంది. పాఠాలు పోస్టులో వచ్చేవి, ఆకాశవాణిలో వినిపించేవి, తర్వాత టీవీలోకి వచ్చాయి. ఇక్కడ బీఎడ్ కూడా దూరవిద్యలో ఉంది. అందులో చేరేవాళ్లలో అప్పటికే బళ్లో పనిచేస్తున్న టీచర్లుంటారు. వాళ్లకి కంప్యూటర్ ముందు కూచునే సమయం కాంటాక్టు క్లాసుల కొద్దిరోజులే. మిగతాదంతా ఇంటి దగ్గర, అన్నం వార్చాక, పిల్లలు పడుకున్నాక!

ఇంకా వెనక్కి వెళితే 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో దేశంలో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. 'సైట్' ప్రయోగం అంటారు దాన్ని. ఆ ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల పాఠాల సంగతి అలా ఉంచితే, దాదాపు 50 వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సైన్సు ఎలా చెప్పాలో ఆ టీవీ ద్వారానే శిక్షణ ఇచ్చారు. యాభై ఏళ్ల కిందట! యంత్రం కంటే ముందు టీచరు గురించి ఆలోచించిన తీరు చూడండి.

ఆ తర్వాత లెక్క తలకిందులైంది. 1984-85లో కేంద్రం 250 బళ్లకి బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు పంపి 'క్లాస్' పథకం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వేలాది ప్రభుత్వ హైస్కూళ్లలో ల్యాబులు పెట్టారు. ఐదేళ్ల కాంట్రాక్టు మీద ప్రైవేటు సంస్థలు ఇన్‌స్ట్రక్టర్లని పెట్టాయి. 2013లో కాంట్రాక్టు ముగిసింది, ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికెళ్లారు. మిగిలిన టీచర్లకి ఆ గది పరాయి గదే. ఎన్నో బళ్లలో ల్యాబ్ తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలోకి వెళ్లిపోయింది, కీబోర్డుల మీద గుడ్డ కప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ల టీచర్లకి ట్యాబులు పంచారు. పంచిన రోజున ఫొటోలొచ్చాయి. టీచరుకి అది చేతికిచ్చి ఎన్ని రోజులు పక్కన కూచుని నేర్పారన్నది మాత్రం ఫొటోల్లో కనిపించదు. కాస్త భిన్నంగా నడిచింది 'క్లిక్స్' అనే పథకం. 2015లో మొదలై తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల్లో టీచర్లనీ కలుపుకుని సాగింది. 2017 సంవత్సరపు యునెస్కో బహుమతి దానికి దక్కింది.

డీటీపీ షాపు దగ్గర క్యూ

పరీక్షలొచ్చాయంటే తెలుగు టీచరు ప్రశ్నపత్రం చేత్తో రాసుకుని డీటీపీ షాపుకి పరిగెడుతుంది. అక్కడ 'భ'కి 'బ' పడితే దిద్దించుకోవాలి, మళ్లీ రావాలి, పేజీకింత అని ఇచ్చుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి బళ్లో కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు! "వైరస్ వచ్చిందేమోనండీ" అనుకుంటారు. వైరస్ కాదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చి పెట్టాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు. లేని చోట లోపలున్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకి సొంత స్థానాలున్నాయి. అందులో టైపు చేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చూసి భయపడక్కర్లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద. మన గుణింతం వచ్చినవాళ్లకి ఆ వరస ఇట్టే పట్టుబడుతుంది. రోజుకి అరగంట చొప్పున నెలరోజులు కూచుంటే వేళ్లు దారి పట్టుకుంటాయి. అదీ కుదరకపోతే ఫోనులో నోటితో చెబితే తెలుగులో రాసే సౌకర్యం 2017 నుంచి ఉంది. చెప్పాక ఒకసారి చదువుకోండి... 'పాఠం' అంటే 'పాటం' అని పడే అవకాశం లేకపోలేదు! నా మటుకు నాకు, బీఎడ్ కంప్యూటర్ పేపర్లో మార్కులన్నీ ఒక్క పనికి ఇవ్వమంటే తెలుగులో తన ప్రశ్నపత్రం తనే టైపు చేసుకున్నందుకు ఇస్తాను.

ఫోను ఎవరిది?

కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఓ ప్రశ్న అడిగింది: మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా? తెలంగాణ ఆడవాళ్లలో వాడామన్నవాళ్లు నూటికి 26.5, మగవాళ్లలో 57.4. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 21, మగవాళ్లు 48.8. సగానికి సగం కూడా లేదు. దేశంలో బడి టీచర్లలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లే. టీచరమ్మ చదువుకుంది కాబట్టి ఆమె లెక్క వేరే అనుకుంటాం. కానీ ఇంట్లో ఒక్క మంచి ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకి తెలియనిదా? ట్రైనింగ్ లింకు భర్త ఫోనుకి వస్తుంది, ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి క్లాసు అయిపోతుంది. దీక్ష యాప్‌లో శిక్షణ పూర్తయిందని సర్టిఫికెట్ ఉంటుంది, వీడియో చూసింది కొడుకు! ఎవర్నని తప్పు పడతాం?

ఇంకో భయం కూడా ఉంది. నంబరు ఊరంతా తెలిసిపోతే? భయం నిజమే, ఉపాయాలూ ఉన్నాయి. వాట్సాప్ ప్రొఫైల్ ఫొటో మీ కాంటాక్టులకి మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. పేరెంట్స్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజి పెట్టేలా మార్చుకుంటే రాత్రి పదకొండింటికి గుడ్‌నైట్ బొమ్మలు ఆగుతాయి. ఓటీపీ అడిగింది బ్యాంకైనా, 'విద్యాశాఖ' అయినా చెప్పకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలి, ఆలస్యమైతే చేతికి రాదు. వేధింపులుంటే మొహమాటపడి మెసేజిలు చెరిపెయ్యకండి, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి. పిల్లల ఫొటోల విషయంలో మనకీ బాధ్యత ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. యానివర్సరీ డాన్సు వీడియో స్టేటస్‌లో పెట్టేముందు ఓ మాట అడగండి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. లెసన్ ప్లాన్ అడిగితే క్షణంలో రాసిస్తుంది. బీఎడ్ అమ్మాయిలు వాడొద్దంటే వినరు, వాడనివ్వండి. కాకపోతే లెక్చరర్లు ఓ పని చెయ్యొచ్చు. అది రాసిచ్చిన తెలుగు పాఠంలో తప్పులు ఎర్రసిరాతో దిద్దమని ఇవ్వండి. మన ఊరి చెరువు గురించి అడిగితే లేని సంగతులు ఎంత నమ్మకంగా రాస్తుందో అమ్మాయిలకే తెలిసొస్తుంది. రేపు వాళ్ల పిల్లలు అలాంటి హోంవర్కు తెచ్చినప్పుడు పట్టుకోగలుగుతారు.

కూతుర్నో, కోడల్నో ఈ ఏడాది బీఎడ్‌లో చేర్చాలనుకుంటున్నారా? ఫీజు, బస్సు, హాస్టల్ అన్నీ అడుగుతారు కదా. కంప్యూటర్ ల్యాబ్ కూడా చూపించమనండి. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడంతో సరిపెట్టకండి, ఒకటి ఆన్ చేయించి తెలుగులో మీ అమ్మాయి పేరు టైపు చేయించి చూడండి. నెట్ ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, వారానికి ఎన్ని గంటలు అమ్మాయిలే స్వయంగా కూచుంటారు, సాయంత్రం క్లాసులయ్యాక గంటసేపు ఉండనిస్తారా... అన్నీ అడగండి. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కూడా.